పాత గ్రే

సెప్టెంబరు 7, ఆదివారం

ఎల్బీ నగర్‌లో గ్రూపు మీటింగు. గ్రూపు నడిపే శ్రీకాంత్ వాళ్ల నాన్నగారి ఫంక్షన్ హాల్లో. నిన్న ఎవరిదో రిసెప్షన్ జరిగినట్టుంది. స్టేజి మీద వాడిన బంతిపూలు, హాలంతా చల్లారిన బిర్యానీ వాసన. ఆ వాసనలో కూర్చుని తొమ్మిదిమందిమి ఒకదానికొకటి బిగించి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ బ్రిక్స్ గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడింది తొమ్మిదిమంది. తెలిసింది ఒక్కరికి.

మేం చేసేదేమిటో బయట చెప్తే నవ్వుతారు, అందుకే చెప్పను. ఇక్కడ రాసుకుంటే ఎవరు నవ్వుతారు? 1980ల నాటి బొమ్మ స్పేస్‌షిప్పులు ఉన్నాయి. గ్రే ఒళ్లు, నీలం రెక్కలు, పసుపుపచ్చ అద్దం. ఆ తీరులో, ఆ రంగుల్లో, ఎవరూ కట్టని షిప్పుల్ని మేమే డిజైన్ చేసి కడతాం. కిట్టు కొనుక్కుని కాగితం చూసి పేర్చడం కాదు. అది పుస్తకం చూసి ముగ్గు వెయ్యడం లాంటిది, ఎవరైనా వేస్తారు. మా గ్రూపులో సగం మంది చేసేది అదే. పైగా ఫొటో పెట్టి 'నా క్రియేషన్' అని రాస్తారు.

మిగతా సగానికి రంగు తెలియదు. ఇరవై ఏళ్ల కిందట ఈ బ్రిక్స్ గ్రే రంగు మారిపోయింది. పాత గ్రేలో కాస్త గోధుమరంగు వెచ్చదనం ఉంటుంది. కొత్త గ్రేలో నీలం కొడుతుంది. 80ల షిప్ అంటే పాత గ్రేలోనే ఉండాలి. అది ఇప్పుడు తయారవదు. ఎక్కడెక్కడి పాత డబ్బాల్లోంచో వెతికి తెప్పించుకోవాలి. వీళ్లు రెండు గ్రేలూ కలిపేసి కట్టి, తేడా ఏముంది మేడం అంటారు. గాడిదకేం తెలుసు గంధం వాసన.

వచ్చే నెల 12న అదే హాల్లో మా మొదటి పబ్లిక్ షో, దాంతోపాటు చిన్న పోటీ. ఆ రోజు పెళ్లిళ్లేవీ లేవట. మధ్యలో ఒక పెద్ద టేబుల్, దాని మీద ఒక్క షిప్పే ఉంటుంది. అది నాదే అని శ్రీకాంత్ మాటల్లో తెలుస్తూనే ఉంది. అయినా ఓటింగు పెట్టారు. మనవాళ్లు కాఫీ తాగాలా టీ తాగాలా అన్నదానికి కూడా ఓటింగు పెడతారు. గెలిచాను.

తరవాత రూలు ప్రతిపాదించాను. రంగు పుయ్యకూడదు, అతికించకూడదు, కొయ్యకూడదు. బ్రిక్ ఏ రంగులో పుట్టిందో ఆ రంగులోనే ఉండాలి. రూలు తప్పినవి గుమ్మం పక్కన చిన్న టేబుల్ మీద ఊరికే ఉంటాయి, పోటీలో ఉండవు. అందరూ తలూపారు. ఎదురు చెప్పే దమ్ము ఒక్కరికి లేదు.

ఒక్క రోహిణికి ఉంది. ఆమె కొత్తపేటలో పళ్ల డాక్టరు. నీలం రెక్కలు దొరక్క తెల్లవాటికి మార్కర్ పెన్నుతో నీలం పూసింది. పళ్లకి కూడా అలాగే పూస్తుందేమో. రూలు నా షిప్ చూసినంక రాసిన్రా మేడం, ముందే రాసిన్రా అని అడిగింది. రూలు అందరికీ ఒకటే అన్నాను. గ్రూపు వాట్సాప్‌లో ఆమె షిప్ ఫొటో చూశాకే రాశాను. అయితే ఏం? దొంగని చూశాకే తాళం కొంటాం.

సెప్టెంబరు 9, మంగళవారం

ఆ ఆటసామాను ఇంకా ఎన్నాళ్లు అని మా ఆయన మురళి అడిగాడు. ఆటసామానట.

సెప్టెంబరు 14, ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆదివారం కూడా క్లాసు. బ్యాంకు పరీక్షల లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే ఎప్పుడు కలుస్తాయి. పద్నాలుగేళ్లుగా ఆ రైళ్లు కలుస్తూనే ఉన్నాయి, వీళ్లకి ఉద్యోగాలు వస్తూనే లేవు. ఇవాళ ఒకడు షార్ట్‌కట్ చెప్పండి మేడం అన్నాడు. బోర్డు మీద వేసిందే షార్ట్‌కట్. దానికి షార్ట్‌కట్ కావాలి వాడికి.

ఇంటికొచ్చి రెక్క జాయింటు పూర్తి చేశాను. కంప్యూటర్లో గీసినప్పుడు బాగానే ఉంది, చేత్తో కట్టేసరికి రెక్క జారుతోంది. బ్రిక్స్ మీది బొడిపెలు పైకి కాకుండా పక్కకి తిరిగేలా పెట్టి, లోపలినుంచి పట్టు ఇచ్చాను. ఇప్పుడు రెక్క వాలుగా నిలబడింది. బయటికి ఒక్క సందు కనిపించదు. ఈ జాయింటు ప్రపంచంలో ఇంకెవరూ కట్టలేదు. ఈ ఇంట్లో చూసేవాళ్లూ లేరు.

అత్తయ్యగారు వస్తారు. చూడ్డానికి కాదు, దుమ్ము తుడవడానికి. ఆరేళ్ల కిందట తెనాలి నుంచి మా మన్సూరాబాద్ ఫ్లాట్‌కి వచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, చీర కొంగుతో బల్ల తుడిచి, దేన్నీ ముట్టుకోకుండా ప్రశ్నలు వేస్తారు. దీని పేరేమిటి. పేరు లేదు, నంబరే, తొమ్మిది అన్నాను. ఎవరు నడుపుతారు. ఎవరూ నడపరు. మరి సీటెందుకు. సీటు ఉండాలి కాబట్టి ఉంది. మనిషి బొమ్మ పెడితే డిజైన్ చెడిపోతుంది అన్నాను. మనుషులొస్తే ఏదైనా అంతేలే అని వెళ్లిపోయారు. రాకెట్ సైన్స్ చెప్తున్నట్టు ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాలి.

సెప్టెంబరు 22, సోమవారం

నవరాత్రులు మొదలు. పైన అత్తయ్యగారి అష్టోత్తరం. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆండాలు గారి బతుకమ్మ, పాటకి ఒక స్పీకరు, చప్పట్లకి ఒక స్పీకరు. ఈ బిల్డింగు ఉన్న చోటు ఒకప్పుడు ఆండాలు వాళ్ల పొలం. ఆ సంగతి లిఫ్టు ఎక్కినప్పుడల్లా చెప్తుంది. సాయంత్రం పైకి వచ్చి, తలుపు తీసి ఉంటే నా గదిలోకి తొంగి చూసి, రాకెట్ అయిపోయిందా బిందమ్మా అంది. రాకెట్టు కాదు అన్నాను. మరేంది అంది. చెప్పి ఏం లాభం.

సెప్టెంబరు 27, శనివారం

మూసీ పొంగి మూసారాంబాగ్ బ్రిడ్జి మూసేశారు. అటునుంచి వచ్చే పిల్లలెవరూ రాలేదు, క్లాసు లేదు. దేవుడున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ముక్కు భాగం బిగించాను. షిప్ పూర్తయింది.

అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంతకి మూడింతలు. మొత్తం పాత గ్రే, ఒక్క కొత్త ముక్క లేదు. రెక్కలు వాలి ఉంటాయి, ముక్కు సన్నగా ముందుకి పోతుంది, కింద మూడు కాళ్లు. కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాను. నేను ఇంత బాగా ఏదీ చెయ్యలేదు. పెళ్లి, ఉద్యోగం, పప్పుచారు, ఏదీ ఇంత బాగా రాలేదు. రాసుకోవడానికి సిగ్గుపడను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, పన్నెండో తారీఖున మొదటిసారి షిప్‌ని బయటికి తీస్తున్నాను అని. మురళి ఊఁ అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. అత్తయ్యగారు మాత్రం మొదటిసారేనా, ఇంతకు ముందు గడప దాటలేదా అని రెండుసార్లు అడిగారు. ఏ వేళకి బయల్దేరుతుందని కూడా అడిగారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. పది గంటలకి అన్నాను.

అక్టోబరు 2, గురువారం, ఉదయం

దసరా రోజు గ్రాండ్ టెస్టు పెట్టిన మహానుభావుడు మా డైరెక్టరు. సీరియస్ స్టూడెంట్లకి పండగ ఉండదని వాట్సాప్‌లో పెట్టాడు. తను మాత్రం సొంతూరు వెళ్లాడు. లిఫ్టులో ఆండాలు గారు మొహం వేలాడేసుకుని కనిపించింది. దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి, మటన్ దుకాణం బంద్. ఆమె బాధలో ఉన్న నిజాయితీ మా డైరెక్టరులో లేదు.

అక్టోబరు 2, సాయంత్రం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఏటా దసరాకి ఆండాలు వాళ్లు పంతులుగారిని పిలిపించి సెల్లారులో బిల్డింగు బళ్లన్నిటికీ పూజ చేయిస్తారు. కార్లూ బైకులూ కడిగి వరసగా పెడతారు. స్కూటీని పూజకి వదిలి వెళ్లాను, టెస్టు అయ్యాక మెట్రో దిగి ఆటోలో వచ్చేసరికి పూజ అయిపోయింది. బళ్లన్నిటికీ బంతిపూల దండలు, బొట్లు. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. మా కారు దగ్గరికి వచ్చాను.

కారు బానెట్ మీద, ఎర్ర జాకెట్టు గుడ్డ పరిచి, దాని మీద నా షిప్.

ముక్కు మీద పసుపు. ముద్ద పసుపు, నీళ్లతో కలిపి, అయిదు వేళ్లతో రాసింది. రెండు రెక్కల మీద పసుపు. ప్రతి పసుపు మీదా కుంకుమ బొట్టు. బొడిపెల సందుల్లో కుంకుమ, అక్షింతలు. అద్దం మీద కొబ్బరినీళ్లు ఎండి జిగురుగా. మూడు కాళ్ల కిందా మూడు నిమ్మకాయలు పెట్టి ముందుకి తోశారట. ముందుకాలు ఊడి బానెట్ మీద పడి ఉంది. కాళ్లకి సరిపడాలని అత్తయ్యగారు మార్కెట్లో చిన్న నిమ్మకాయలు ఏరి మరీ తెచ్చారట. ఈ ముక్క మురళి చెప్పాడు, నవ్వుతూ. తనే షిప్‌ని కిందకి మోసుకొచ్చాడట. అమ్మ అడిగింది కదా అన్నాడు.

కొత్త బండి మొదటిసారి బయల్దేరుతుంటే పూజ లేకుండా ఎలా పంపుతామమ్మా అన్నారు అత్తయ్యగారు.

ఊడిన కాలు ఏరుకున్నాను. షిప్ తీసుకుని పైకి వచ్చేశాను.

అక్టోబరు 3, శుక్రవారం

నిన్న అనలేదు. ఇవాళ అన్నాను.

పొద్దున్నే షిప్‌ని విప్పి, సబ్బు నీళ్లలో నానబెట్టి, టూత్ బ్రష్‌తో ముక్క ముక్కా తోమాను. కుంకుమ పోయింది. జిగురు పోయింది. కాలు తిరిగి బిగుసుకుంది. పసుపు పోలేదు. పాత గ్రే మీద, ముక్కు నుంచి రెక్కల దాకా, పచ్చగా అయిదు వేళ్లు అలాగే ఉన్నాయి.

పసుపు మరక ఎండలో పెడితే పోతుంది, అది చీరలు కట్టే ప్రతి ఆడదానికీ తెలుసు. కానీ ఎండ తగిలితే ఈ పాత ప్లాస్టిక్ తనంతట తనే పసుపెక్కుతుంది. అందుకే ఆరేళ్లుగా నా గదికి మందపాటి కర్టెన్లు. పోనీ తెగించి పెడదామన్నా ఎండేది, నాలుగు రోజులుగా మబ్బు. మారుద్దామంటే ఆ ముక్కలు పాత గ్రేలో దొరకడానికి ఏడాది పట్టింది.

బాల్కనీలో బ్రష్ పట్టుకుని ఉండగా అత్తయ్యగారు వచ్చి తోమిపెట్టనా అన్నారు. అప్పుడన్నాను. మీకు తెలియని వాటి మీద చెయ్యి వెయ్యకండి అన్నాను. ఇది మీ ఇత్తడి సామాను కాదు అన్నాను. ఈ ఇంట్లో నాది అన్నది ఇదొక్కటే, దాన్నీ వదలరా అని కూడా అన్నాను.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్లారు. తప్పేముంది, ఉన్నదే అన్నాను.

అక్టోబరు 5, ఆదివారం

శ్రీకాంత్ ఫోను. బ్యానర్‌కి నా షిప్ ఫొటో కావాలట. పూజకి ముందు తీసింది పంపాను. నడిమిట్ల టేబుల్‌కి నీలం గుడ్డ తెప్పించినం మేడం, లైటింగు గూడ పెడుతున్నం అన్నాడు. మంచిది అన్నాను. రూలు గురించి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బ్రిక్ ఏ రంగులో పుట్టిందో ఆ రంగులోనే ఉండాలి. ఆ వాక్యం నాదే, గ్రూపులో పిన్ చేసి ఉంది, ఎప్పుడు తెరిచినా పైనే కనిపిస్తుంది.

మరక ఉన్న వైపు గోడకి తిప్పి పెట్టెయ్ అన్నాడు మురళి. మరక రెండు వైపులా ఉంది. నాలుగు రోజులుగా ఇంట్లో మరకతో ఉన్న వస్తువుని ఈ మనిషి ఒక్కసారి కూడా చుట్టూ తిరిగి చూడలేదు. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడికి అన్నిటికీ ఒక వైపే కనిపిస్తుంది కాబోలు.

అత్తయ్యగారు మధ్యాహ్నం గదిలోకి రావడం లేదు. కాఫీ తెచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్తున్నారు. బల్ల మీద దుమ్ము పడుతోంది. ప్రశ్నల గోల తప్పింది. హాయిగా ఉంది.

అక్టోబరు 6, సోమవారం

హాయిగా ఏమీ లేదు.

అక్టోబరు 7, మంగళవారం

లిఫ్టులో ఆండాలు గారు పట్టుకుంది. మీ అత్త ఎందుకట్ల ఉన్నది, కిందికి దిగుతలేదు, పలకరిస్తే పలుకుతలేదు అంది. ఒంట్లో బాగాలేదేమో అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నీకు పూజ సంగతి ఎవలన్న జెప్పిన్రా అంది. చూశాను కదా అన్నాను. సూసుడు కాదు, జరిగింది జెప్పిన్రా అని, మా ఫ్లోర్ వచ్చినా తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది.

పంతులు ఒక్కో బండి దగ్గరా అది ఎవరి పేరు మీద ఉందో అడిగి, ఆ పేరుతో సంకల్పం చెప్తాడు. ఏటా చేసేదే.

"కారుకు మీ ఆయన పేరు జెప్పింది మీ అత్త. స్కూటీకి గూడ మీ ఆయన పేరే. నువ్వు నడిపే స్కూటీనే గదా, పేరు మాత్రం ఆయనదే. రాకెట్ కాడికి ఒచ్చినంక పంతులు నవ్వుకుంట, దీన్ని గూడ మురళీకృష్ణ పేరు మీదనే కానిద్దామా అన్నడు. మీ అత్త నవ్వలే. కాదు, ఇది మా కోడలి పేరు మీద ఉంది, బిందుమాధవి అని చెప్పండి, తనే తయారుచేసింది అన్నది. పంతులు మొగోళ్ల పేరు మీద చేసుడే ఆచారమన్నడు. అట్లయితే దీనికొక్కదానికి ఆచారం మార్చుండ్రి అన్నది. గా పెద్దమనిషి అంత గట్టిగ మాట్లాడంగ నేనెప్పుడు జూడలే."

లిఫ్టు తలుపు అరుస్తూనే ఉంది. నేను దిగి, తాళం తీయకుండా మా గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల కుక్కరు కూత వినిపిస్తోంది.

ఆరేళ్లుగా ఆ గదిలోకి వచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే. దుమ్ము తుడవడానికి వస్తున్నారనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. లోపలికి వెళ్లి ఏమీ చెప్పలేకపోయాను. లెక్కలు తప్ప నాకు ఏదీ నోరు తెరిచి చెప్పడం రాదు. తిట్టడం వచ్చు.

అక్టోబరు 9, గురువారం

ఎండ వచ్చింది. ఉదయం క్లాసుకి సెలవు పెట్టి షిప్‌ని టెర్రస్ మీదకి తీసుకెళ్లాను. రెండు గంటలు చాలు, పసుపు పోతుంది, అంతలో ప్లాస్టిక్‌కి ఏమీ కాదు అని లెక్క వేసుకున్నాను. పిట్టగోడ పక్కన బల్ల వేసి పెట్టాను.

అత్తయ్యగారు బకెట్టుతో బట్టలు ఆరేయడానికి వచ్చారు. షిప్‌ని చూశారు. నన్ను చూశారు.

"పోతుందిలే అమ్మా, మంచి ఎండ."

అంతే అన్నారు. చీర తీగ మీద వేశారు. ఆ చీర నీడ షిప్ రెక్క మీద పడింది. ఆవిడ అది గమనించి, వేసిన చీర తీసేసి, తీగ ఆ చివరకి తీసుకెళ్లి వేశారు. మురళి చొక్కాలు కూడా అటే వేశారు. ఒక్క నీడ పడకుండా అన్నీ ఒక మూలకి కుక్కి, ఖాళీ బకెట్టుతో దిగిపోయారు.

తను రాసిన పసుపు తొందరగా పోవాలని జాగా ఇచ్చి వెళ్లారు. నా మీద నాకే అసహ్యం వేసింది. మా గ్రూపు వాళ్ల మీద, డైరెక్టరు మీద, మురళి మీద ఎప్పుడూ ఇంత వెయ్యలేదు.

షిప్‌ని కిందకి తెచ్చేశాను. పసుపు పోలేదు. పోనివ్వను.

అక్టోబరు 12, ఆదివారం, ఉదయం

పట్టుచీర డబ్బాలో దూది పరిచి షిప్ పెట్టాను. మీరూ రండి అన్నాను అత్తయ్యగారితో. అడిగిన తీరు బాగాలేదు, హాజరు పిలిచినట్టు ఉంది. మోకాళ్లు నొప్పి, మీరు వెళ్లిరండి అన్నారు.

అక్టోబరు 12, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుమ్మం దగ్గర షిప్పులు తనిఖీ చేసే పని రోహిణిదట. డబ్బా తెరిచాను. చూసింది. మేడం ఇది పసుపా అంది. పసుపే అన్నాను. ఆమె పెద్దగా నవ్వి శ్రీకాంత్‌ని పిలిచింది. గ్రూపంతా మూగింది. నేను చెప్పింది విని శ్రీకాంత్, ఇది పెయింట్ కాదు గదా, పూజ, పూజకు రూల్ ఏంది మేడం, తీసుకపోయి నడిమిట్ల పెట్టుండ్రి అన్నాడు. అందరూ అవునవునన్నారు. దయ. జాలి. ఇన్నాళ్లు వాళ్ల రంగులు చూసి నేను ఒక్కరోజు జాలిపడలేదు. వీళ్లు ఒక్క క్షణంలో క్షమించేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రోహిణి షిప్‌ని కూడా లోపల పెట్టండి, లేదంటే నాదీ బయటే అన్నాను. మార్కర్ వేరు, పసుపు వేరు అని ఒకడు మొదలుపెట్టాడు. రంగు రంగే అన్నాను. ఓటింగు పెడదామన్నారు. ఓటింగు నడుస్తుండగానే నేను షిప్ తీసుకెళ్లి గుమ్మం పక్క టేబుల్ మీద రోహిణి షిప్ పక్కన పెట్టేశాను. లైట్లూ నీలం గుడ్డా ఉన్న మధ్య టేబుల్ మీదకి ఎవరిదో రెండు గ్రేలు కలిసిన డబ్బా వెళ్లింది. బ్యానర్ మీద మాత్రం నా షిప్పే ఉంది.

పదకొండింటికి జనం వచ్చారు. మా హాబీ కోసం వచ్చినవాళ్లు కొందరు. ఫంక్షన్ హాలు తలుపులు తీసి ఉంటే ఏదో కార్యమనుకుని వచ్చినవాళ్లు ఎక్కువ. లోపలికి వస్తూనే కుడిపక్కన నా టేబుల్. పసుపు రాసిన వస్తువు. ఒక పెద్దావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. ఆమెని చూసి వెనకాలవాళ్లు పెట్టారు. ఇంకొకామె గుమ్మానికి కట్టిన దండలోంచి బంతిపువ్వు తుంపి ముక్కు దగ్గర పెట్టింది. ఒకాయన కొత్తగా లారీ కొన్నాడట, షిప్ రెక్కని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అడిగితే, ఏ దేవుడో తెల్వది గని పూజ అయితే అయింది గదా అన్నాడు.

మధ్యాహ్నానికి పువ్వులతో నా జాయింటు కనిపించడం మానేసింది.

ఒక్కడంటే ఒక్కడు రెక్క ఎలా నిలబడిందని అడగలేదు. ఇది పాత గ్రే అని పోల్చలేదు. కట్టిందెవరని అడగలేదు. దేవుణ్ణి ఎవరు కట్టారని ఎవరూ అడగరు. ఆ హాలు మొత్తంలో అది అడగగల మనిషి లేదు. అత్తయ్యగారు మోకాళ్లు పట్టుకుని మన్సూరాబాద్‌లో కూర్చున్నారు.

రోహిణి పక్కన కుర్చీ వేసుకుని సమోసా తింటూ ఇదంతా చూస్తోంది. ఏడిపిస్తుందనుకున్నాను. ఏడిపించలేదు.

"మేడం, మీ డిజైన్‌కు నేను వంక పెట్ట. నాకు గంత రాదు. ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. దీన్ని ఎప్పుడన్న ఎగరేసిన్రా?"

ఎగరెయ్యడమేమిటి అన్నాను. ఆమె చేతులు తుడుచుకుని, తన మార్కర్ షిప్‌ని లేపి, తల మీదుగా తిప్పి, నోటితో ఏదో చప్పుడు చేస్తూ టేబుల్ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. నలభై ఏళ్ల పళ్ల డాక్టరు. ఒక రెక్క ఊడి పడింది. నవ్వి, పెట్టేసుకుంది. ఎగరనీకె కాకపోతే ఎందుకు కడుతున్నం మేడం అంది.

నా గదిలో తొమ్మిది షిప్పులున్నాయి. ఒక్కదాన్నీ గాల్లోకి ఎత్తలేదు. ఎవరినీ ఎత్తనివ్వలేదు.

అక్టోబరు 13, సోమవారం

పొద్దున కాఫీ అయ్యాక షిప్ తీసుకెళ్లి అత్తయ్యగారి చేతుల్లో పెట్టాను. చెయ్యి వెయ్యమన్నాను. ఎగరెయ్యండి అన్నాను.

పడిపోతుందేమోనమ్మా అన్నారు. పడితే మళ్లీ కడతాను అన్నాను.

మెల్లగా లేచారు. షిప్‌ని భుజం దాకా ఎత్తారు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి నా గదిలోకి. రెక్క కదల్లేదు. రెండో చుట్టుకి నోటితో చప్పుడు కూడా మొదలుపెట్టారు. మురళి పేపరు దించి చూశాడు. ఆవిడ అతని తల మీదుగా పోనిచ్చారు.

ఇక నాకివ్వండి అని చెయ్యి చాచాను.

ఇంకొక్క చుట్టు అన్నారు.